వెర్లిన్ పరీక్షలో తప్పిన తొమ్మిది దుర్భిణులు

పరీక్ష పెట్టకుండా వెర్లిన్ హౌగెన్ ఈ భూమ్మీద ఏ వస్తువునూ నమ్మేవాడు కాదు. కొత్త ఫ్లాస్కు కొంటే అందులో సలసల కాగే నీళ్లు పోసి, పచ్చి గుడ్డు వేసి, మూత బిగించి, గంట తర్వాత గుడ్డు పగలగొట్టి చూసేవాడు. ఉడికితే ఫ్లాస్కు పాసు. ఉడక్కపోతే ఫ్లాస్కునీ గుడ్డునీ కలిపి కొట్టుకి తీసుకెళ్లి కౌంటరు మీద పెట్టేవాడు. బూట్లు కొనాల్సి వస్తే రెండు కంపెనీలవి తెచ్చి, కుడికాలికి ఒకటీ ఎడమకాలికి ఒకటీ వేసుకుని నెల్లాళ్లు తిరిగేవాడు. ఆ నెల్లాళ్లూ ఊళ్లో ఎవరు ఎదురైనా "ఏ కాలు గెలుస్తోంది వెర్లిన్?" అని అడిగేవాళ్లు. "ఇంకా మంచు పడందే ఏం చెప్పగలం?" అనేవాడు, నవ్వకుండా.

మోంటానాలో కార్వర్ క్రీక్ అనే ఆ చిన్న ఊళ్లో, రైలు పట్టాల పక్కనున్న గోధుమ గిడ్డంగిలో వెర్లిన్ ముప్ఫై ఒక్క ఏళ్లు తూకం వేశాడు. లారీ వచ్చి ఆగితే నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి, తేమ ఎంతుందో చెప్పేవాడు. తర్వాత మిషను పెట్టి చూసేవాడు. ఆ మిషను నిజం చెప్పిందో లేదో తేల్చడానికి ఇంకో మిషను పెట్టేవాడు. వెనక లారీల వాళ్లు హారన్లు కొట్టి కొట్టి అలిసిపోయేవాళ్లు. అయితే ఆ ముప్ఫై ఒక్క ఏళ్లలో వెర్లిన్ తూకం తప్పని ఒక్క రైతు కూడా అనలేదు.

ఇవన్నీ గోర్డీ మెకాల్ ఇప్పటికీ పొట్ట చెక్కలయ్యేలా చెబుతాడు. చెప్పే హక్కు అతనికే ఉంది. ఇద్దరూ ఒకటో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ఒకే ఏడు పెళ్లిళ్లు చేసుకున్నారు, వెర్లిన్ భార్య జూన్ జబ్బుచేసి పోయినప్పుడు శవపేటిక ముందువైపు పట్టుకున్నది గోర్డీయే. కానీ దుర్భిణి సంగతి దగ్గరికి వచ్చేసరికి గోర్డీ గొంతు కాస్త తగ్గుతుంది. అక్కడ కాఫీ తాగుతానని ఆగుతాడు. కప్పు ఖాళీగా ఉన్నా సరే, తాగుతాడు.

దుర్భిణి అంటే తుపాకీ మీద బిగించేది. గోర్డీ కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి, అరవై మూడో ఏట రిటైరయ్యాడు. ఇక జీవితంలో మిగిలిన కోరిక ఒకటే. లోయకి ఇవతల బండరాయి మీద దర్జాగా కూర్చుని, అవతలి వాలు మీద మేస్తున్న ఎల్క్ దుప్పిని నాలుగు వందల గజాల నుంచి ఒక్క తూటాతో పడగొట్టాలి. పొదల్లో పాక్కుంటూ దగ్గరికి వెళ్లే వయసు దాటిపోయింది. తుపాకీ ఉంది. దాని మీదున్న పాత దుర్భిణిలో అంత దూరాన ఎల్క్‌కీ ఎండిన పొదకీ తేడా తెలియదు. కొత్తది కొనుక్కోమంది భార్య మావిస్. "వెయ్యి డాలర్లు దాటావంటే మాత్రం ఆ కొండ మీదే కాపురం పెట్టు" అని కూడా అంది.

గోర్డీ చేసిన తప్పల్లా ఈ సంగతి వెర్లిన్‌కి చెప్పడం.

"ఎంతలో కొందామనిరా?" అన్నాడు వెర్లిన్.

"వెయ్యి లోపు."

వెర్లిన్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "అయితే కష్టమే."

"ఏం, చాలవా?"

"చాలకేం? రెండు వందలున్నవాడికి బాధ లేదు, చేతికొచ్చింది తీసుకుంటాడు. మూడు వేలున్నవాడికీ బాధ లేదు, అన్నింటికంటే పైనున్నదాన్ని చూపించి అదిమ్మంటాడు. మధ్యలో ఉన్నవాడికేరా బుర్ర కావాల్సింది. ఆ ధరకి చేసేవాడు ఎక్కడో ఓ చోట మిగుల్చుకుంటాడు. అద్దంలో మిగిల్చాడా, మరల్లో మిగిల్చాడా, గొట్టంలో మిగిల్చాడా, అది మనం పట్టుకోవాలి."

"ఎలా పట్టుకుంటాం?" అన్నాడు గోర్డీ.

అడక్కూడని ప్రశ్న అది.

ఊళ్లో తుపాకుల కొట్టు ఒక్కటే. దాన్ని నడిపే డొరీన్ వెర్లిన్ తమ్ముడి కూతురు. తుపాకులతో పాటు చేపల గాలాలూ, వానపాములూ, పుట్టినరోజు కార్డులూ అమ్ముతుంది. వెర్లిన్ లోపలికి అడుగుపెడితే వానపాములు కూడా డబ్బాలో అడుగుకి పోతాయని ఆమె అంటుంది.

"పెదనాన్నా, పెట్టె విప్పితే మళ్లీ కొత్తదని అమ్ముకోలేను. కొన్నాక చూసుకో, అందరిలాగే."

"అందరూ కొన్నాక చూసుకోబట్టే అందరూ ఏడుస్తున్నారమ్మా."

"రెండు వారాలు. రెండే. గీత పడితే ఊరుకోను."

మొదటి దుర్భిణి అలా బయటికొచ్చింది. మర్నాడు మావిస్ హకిల్‌బెర్రీ పళ్ల కోసం ఫ్రీజరు తెరిస్తే, రెండు పళ్ల సంచుల మధ్య అది చలికాచుకుంటోంది.

"ఇది నా ఫ్రీజర్లో ఎందుకుంది?" అని అరిచింది మావిస్.

"మా ఫ్రీజరు కంటే మీదే రెండు డిగ్రీలు చల్లన," అన్నాడు వెర్లిన్ వంటింటి బల్ల దగ్గర్నుంచి. "రెంటికీ పరీక్ష పెట్టాను."

ఫ్రీజరు తర్వాత బకెట్టు. గొట్టంలోంచి ఒక్క బుడగ పైకి వస్తుందేమోనని వెర్లిన్ బోర్లా పడుకుని, గడియారం చూస్తూ అరగంట గడిపాడు. బకెట్టు తర్వాత రబ్బరు సుత్తి. ఆ తర్వాత అసలు పరీక్ష. వెర్లిన్ పచ్చికబీడులో అట్ట పాతి, తుపాకీకి దుర్భిణి బిగించి, ఒక గుండు పేల్చేవాడు. గురిని జరిపే పై మర ఇరవై క్లిక్కులు తిప్పి ఇంకొకటి. పక్క మర ఇరవై క్లిక్కులు తిప్పి ఇంకొకటి. అలాగే కిందికి, మళ్లీ పక్కకి. అట్ట మీద నలుచదరం పడాలి. ఐదో గుండు సరిగ్గా మొదటి గుండు చేసిన బెజ్జంలోంచే దూరిపోవాలి. అంతవరకూ మొదటి దుర్భిణి పాసైంది. వెర్లిన్ మొహంలో ఎన్నడూ లేని ప్రసన్నత కనిపించింది.

ఆఖరుగా అద్దం. నాలుగు వందల గజాల అవతల కంచెకి పశువుల దాణా సంచి ఒకటి కట్టాడు.

"సంచి మీద అక్షరాలు చదువు."

గోర్డీ కన్ను పెట్టాడు. చూపుని సరిచేయడానికి కంటి దగ్గరుండే వలయం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "పాలల్లో పడ్డట్టున్నాయిరా అక్షరాలు."

వెర్లిన్ వంగి చూశాడు. "నాకైతే బానే..." అని ఆగాడు. తల ఎత్తి గోర్డీ తిప్పిన వలయం వైపు చూశాడు. "ఎడమ కన్నుతో ఓసారి చూడు."

"నేను కుడిచేతి వాణ్ణి. ఎడమ కన్నుతో ఎవడైనా కాలుస్తాడా?"

"కాల్చమన్నానా? ఊరికే చూడరా."

"పనిలేదా నీకు? చూడను."

వెర్లిన్ చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి, వలయం ఎన్ని గీతలు తిరిగిందో రాసుకున్నాడు.

"సరే. అద్దం బాలేదు. తిరిగిచ్చేద్దాం," అన్నాడు.

రెండోది మధ్యాహ్నం బాగానే ఉండి సాయంత్రానికి మసకేసింది. మూడోదాన్ని సూర్యుడి వైపు కాస్త తిప్పితే తెల్లటి వెలుగు పువ్వులా విచ్చుకుని అడవిని మింగేసింది. నాలుగోదాంట్లో, కంచెకి వేలాడదీసిన ఎల్క్ కొమ్ముకి కొనలెన్నో లెక్కపెట్టమంటే గోర్డీకి నాలుగు కనిపించాయి. ఉన్నవి ఆరు. గోర్డీ "బాలేదు" అన్నప్పుడల్లా వెర్లిన్ వంగి చూసి, "అవును, బాలేదు" అనేవాడు. ఎడమ కన్నుతో చూడమని అడిగేవాడు. గోర్డీ తిట్టేవాడు. వెర్లిన్ పుస్తకంలో రాసుకుని, దుర్భిణిని పెట్టెలో పెట్టి, డొరీన్ కొట్టుకి బయల్దేరేవాడు.

"దీనికేమైంది పెదనాన్నా?"

"చెత్త. అద్దం చెత్త."

"పోయినదానికీ ఇదే అన్నావు."

"అదీ చెత్తే."

ఇలా మూడేళ్లలో తొమ్మిది. పైగా వెర్లిన్ ఒక నియమం కూడా పెట్టాడు. దుర్భిణి తేలేదాకా గోర్డీ వంద గజాలు దాటి తుపాకీ గురిపెట్టకూడదు. వందగజాల లోపలికి ఎల్క్ రావాలంటే దానికి పిచ్చయినా పట్టాలి, బతుకు మీద విసుగైనా పుట్టాలి. మూడు వేట సీజన్లూ ఇద్దరూ కొండెక్కి, రాళ్ల మీద కూర్చుని శాండ్‌విచ్‌లు తిని దిగొచ్చారు. ఎల్క్ మాంసంతో నిండాల్సిన ఫ్రీజరులోకి మావిస్ బజారు నుంచి ఆవుమాంసం తెచ్చిపెట్టింది. పోస్టాఫీసులో "ఎన్నోదిరా గోర్డీ?" అని అడగని మనిషి లేడు. అందరికంటే ఎక్కువ నవ్వులపాలైంది వెర్లిన్. డొరీన్ కొట్టులో ఒక అర మీద 'మా పెదనాన్న తప్పించినవి, చవక' అని అట్టముక్క వెలిసింది.

గోర్డీకి ఒళ్లు మండింది ఆ అర దగ్గరే. తప్పినవాటిలో మూడోదాన్ని చర్చి పాస్టరు కొనుక్కుని, ఐదు వందల గజాల నుంచి ఎల్క్‌ని పడగొట్టాడు. ఐదోదాన్ని కొన్నవాడు దాన్ని మెచ్చుకోవడం ఆపితే ఒట్టు. అద్దం చెత్త అన్న దుర్భిణులన్నీ ఊళ్లోవాళ్ల చేతుల్లో బంగారంలా పనిచేస్తుంటే, తనకి మాత్రం ఎందుకు మసకేస్తున్నట్టు? గోర్డీ రెండు రోజులు ఆలోచించి కనిపెట్టాడు. వీడే పాడుచేస్తున్నాడు! ఫ్రీజర్లో పెట్టి, బకెట్లో ముంచి, సుత్తితో కొట్టి, వాటి ప్రాణం తీసి నా చేతికిస్తున్నాడు. అవి డొరీన్ కొట్టులో నాలుగు రోజులు వెచ్చగా ఉండి కోలుకుంటున్నాయి.

నాలుగో ఏడు అక్టోబరు శుక్రవారం, సీజను మొదలయ్యే ముందురోజు, గోర్డీ ఒంటరిగా డొరీన్ కొట్టుకి వెళ్లి, సీలు తీయని పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. తనే బిగించుకుని దగ్గర్లో పెట్టిన అట్ట మీద నాలుగు గుండ్లు పేల్చి, బాగానే ఉందనుకున్నాడు.

ఆ సాయంత్రం ఫైర్‌స్టేషన్ హాల్లో వేటగాళ్ల విందు. పెద్ద గిన్నెల్లో చిల్లీ అనే కారపు మాంసం కూర, పక్కన దాల్చినచెక్క బన్నులు, ఊరంతా పొడుగాటి బల్లల దగ్గర. వెర్లిన్ కాస్త కుంటుతూ వచ్చి గోర్డీ ఎదురుగా కూర్చున్నాడు.

"ఒరేయ్, రేపు మనిద్దరం ఉత్తరపు గట్టు పైదాకా వెళ్దాం. ఈసారి ఆఖరి దాకా ఎక్కుదాం," అన్నాడు.

"నేనొక్కణ్ణే వెళ్తున్నా," అన్నాడు గోర్డీ. "దుర్భిణి కొనుక్కున్నా. సీలు తీయనిది. నువ్వు ముట్టుకోనిది."

వెర్లిన్ మొహం మారిపోయింది. "దూరం కొట్టకు గోర్డీ. నేనొకసారి చూసేదాకా కొట్టకు."

పక్క బల్లవాళ్లు నవ్వారు. "పదోదీ తప్పిందా వెర్లిన్?" అని ఎవరో అరిచారు. ఆ నవ్వు గోర్డీకి తన మీదే పడినట్టనిపించింది. మూడేళ్ల శాండ్‌విచ్‌లన్నీ గొంతులోకి వచ్చాయి. లేచి నిలబడ్డాడు.

"జూన్ ఎందుకంత తొందరగా పోయిందో ఇప్పుడు తెలిసింది నాకు," అన్నాడు, హాలంతా వినపడేలా. "నీ పరీక్షలు తట్టుకోలేక!"

చెంచాల చప్పుడు ఆగిపోయింది. నోట్లోంచి వచ్చిన మాటని గోర్డీ పట్టుకుని మళ్లీ మింగేద్దామనుకున్నాడు. వెర్లిన్ తన బన్నుని కాగితపు రుమాలులో చుట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు. బల్ల పట్టుకుని లేచాడు.

"రేపు మంచు పడుతుంది. చేతి తొడుగులు రెండు జతలు పెట్టుకో," అని చెప్పి వెళ్లిపోయాడు.

వెనకే పరిగెత్తి ఉండాల్సింది. తలుపు దాకా పాతిక అడుగులు కూడా ఉండవు. గోర్డీ కూర్చుని, చల్లారిపోయిన చిల్లీని చివరిదాకా తిన్నాడు.

మర్నాడు పొద్దున్న మంచు పడనే పడింది. ఉత్తరపు గట్టు మీద గోర్డీ ఒక్కడే. తొమ్మిదింటికి మబ్బు విడిపోయి ఎండ కాసింది. లోయ అవతలి వాలు మీద, పైన్ చెట్ల అంచున, లేత గోధుమరంగు ఒళ్లు ఒకటి కదిలింది. గోర్డీ తూటా ఎక్కించాడు. కన్ను పెట్టాడు. పాలు. అవే పాలు. వలయం తిప్పాడు, చివరిదాకా తిప్పాడు. సీలు తీయని దుర్భిణిలో, వెర్లిన్ చెయ్యి కూడా తగలని దుర్భిణిలో, అదే మసక, అదే తెల్లటి పువ్వు. అయినా ఒళ్లు పెద్దదే, రంగు అదే. అంత పెద్ద ఒంటికి గురి తప్పే ప్రశ్నే లేదు. వేలు మీట మీద ఆన్చాడు.

కొమ్మ మీది మంచు ముద్దగా జారి అతని కుడి కంట్లో పడింది. తిట్టుకుంటూ తుడుచుకున్నాడు. కన్ను మండుతూ తెరుచుకోలేదు. ఎల్క్ వెళ్లిపోతుందేమోనని, మెడ వంకర తిప్పి ఎడమ కన్ను పెట్టి, వలయం తోచినట్టు వెనక్కి తిప్పాడు.

ఒక్కసారిగా లోకం కడిగినట్టయింది. పైన్ ఆకులు ఒక్కొక్కటీ కనిపించాయి. వాటి కింద గుర్రం కనిపించింది. గోధుమరంగు ఆడగుర్రం. దాని తలకి నీలిరంగు పగ్గం. పగ్గం ఎవరు కట్టారో కూడా గోర్డీకి తెలుసు. కొండ కింద పశువుల దొడ్డి వాళ్ల గుర్రం అది. కొమ్మల మంచు కనురెప్పల మీద రాలుతుంటే అది కళ్లు ఆర్పుతోంది.

గోర్డీ తుపాకీ లోంచి తూటా తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత మంచులో చతికిలబడి, కుడి కన్ను ఒకసారి, ఎడమ కన్ను ఒకసారి, చాలాసేపు మార్చి మార్చి చూశాడు. దుర్భిణి బాగుంది. బహుశా తొమ్మిదీ బాగుండే ఉంటాయి.

ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే అన్నాడు. "మావిస్, కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా?"

మావిస్ చేతిలో ఉన్న గిన్నె సింకులో పడింది.

సోమవారం బిల్లింగ్స్ పట్నంలో డాక్టరమ్మ అతని కుడి కంట్లోకి లైటు వేసి చూసింది. శుక్లం బాగా ముదిరిందనీ, తీసేస్తే చూపు శుభ్రంగా వస్తుందనీ చెప్పింది. "ఎప్పట్నుంచి ఇలా ఉందండీ?" అని అడిగింది. గోర్డీ మావిస్ వైపు తిరిగాడు. మావిస్ చేతిసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఆమె చేతికిచ్చింది.

తారీఖులు. ఒక్కొక్క తారీఖు పక్కన, వలయం ఎన్ని గీతలు తిరిగింది, దాణా సంచి మీద ఎన్ని అక్షరాలు చదవగలిగాడు, ఎండలో ఎలా, మబ్బులో ఎలా. తొమ్మిది వరసలు. వెర్లిన్ చేతిరాత, ఆ జేబు పుస్తకంలోంచి ఎత్తి రాసింది.

"ఇది రాసినాయన డాక్టరా?" అంది డాక్టరమ్మ.

"కాదండీ," అంది మావిస్. "గోధుమలు తూచేవాడు."

బయట కుర్చీల్లో కూర్చున్నాక గోర్డీ అడిగాడు. "నీకు తెలుసా?"

"మొదటి దుర్భిణి అప్పుడే వచ్చి చెప్పాడు. ఆ మర్నాడు ట్రక్కులో వెళ్తూ నీ దగ్గర కళ్ల డాక్టరు మాట ఎత్తాడుగా. ఏం చేశావు? కదిలే ట్రక్కు ఆపించి, దిగి, నాలుగు మైళ్లు నడిచొచ్చావు. నేనెత్తితే రెండు వారాలు మాట్లాడలేదు."

గోర్డీ తల దించుకున్నాడు. చివరి పదేళ్లు వరండాలో గుడ్డివాడిగా కూర్చున్న తండ్రి గుర్తొచ్చాడు. డాక్టరు నోటివెంట ఆ మాట వినకుండా ఉంటే ఆ గుడ్డితనం తనకి రాదని గోర్డీ నమ్మకం.

"'వాడంతట వాడు ఒప్పుకోందే ఆస్పత్రి గుమ్మం తొక్కడు మావిస్' అన్నాడు వెర్లిన్. 'ఏదో ఒకనాడు ఎడమ కన్నుతో చూస్తాడు. అప్పటిదాకా తప్పు దుర్భిణి మీద తోసేద్దాం, వాణ్ణి వంద గజాలు దాటనివ్వకుండా చూద్దాం' అన్నాడు. ఊరంతా పిచ్చోడన్నారు. పడ్డాడు. నువ్వూ అన్నావు."

"నేనన్నది..." అన్నాడు గోర్డీ.

"నువ్వన్నది ఊరంతా విన్నారు," అంది మావిస్. ఓదార్చే ప్రయత్నమేమీ చేయలేదు.

తిరిగొస్తూ నేరుగా వెర్లిన్ ఇంటికి పోనిమ్మన్నాడు. తాళం వేసుంది. తుంటి ఎముక ఆపరేషన్ కోసం ఆదివారమే స్పొకేన్ పట్నంలో చెల్లెలింటికి వెళ్లాడని పక్కింటామె చెప్పింది. ఆపరేషన్ సంగతి ఎవరికీ తెలియదు. ఆ రెండు మూడు నెలల్లో గోర్డీ ఫోను ఎన్నిసార్లు ఎత్తి పెట్టేశాడో లెక్కలేదు. ఆ మాట ఫోనులో అనలేదు కదా, ఫోనులో వెనక్కి తీసుకోవడం ఎలా అనుకునేవాడు. నిజానికి అది సాకు. భయమేసింది.

జనవరిలో, ఆపరేషనై కుడి కన్ను కొత్తదైన మూడో వారం, వెర్లిన్ ఇంట్లో దీపం చూసి తలుపు తట్టాడు. వెర్లిన్ చేతికర్రతో వచ్చి తలుపు తీసి, అతని మొహంలోకి చూసి, "ఏ కన్ను?" అన్నాడు.

"కుడి."

"ఆ క్యాలెండరు మీద చిన్నక్షరాలు చదువు. ఎడమది మూసి."

గోర్డీ గుమ్మంలో నిలబడే చదివాడు. "రెండోది మూసి" అంటే అదీ చదివాడు. వెర్లిన్ తృప్తిగా తలాడించి పక్కకి జరిగాడు. గోర్డీ కోటు కూడా విప్పలేదు.

"వెర్లిన్, జూన్ గురించి నేనన్న మాటకి... క్షమించరా."

వెర్లిన్ కుర్చీలో మెల్లగా కూలబడ్డాడు. "ఇంకోసారి చెప్పు. నీ గొంతు పట్టేసింది, సరిగా వినపళ్లేదు."

"జూన్ గురించి అన్నమాటకి క్షమించు."

"ఇంకొక్కసారి."

"మూడుసార్లేమిట్రా?"

"మొదటిదీ ఆఖరిదీ ఒక్కచోటే తగలాలి గోర్డీ. లేకపోతే ఆ మర నమ్మడానికి లేదు."

గోర్డీ మూడోసారి చెప్పాడు. ఈసారి కళ్లు రెండూ నీళ్లతో మసకేశాయి, కొత్తదీ పాతదీ సమానంగా.

"పాసు," అన్నాడు వెర్లిన్. "జూన్ ఉండుంటే ఆ రోజు చిల్లీ గిన్నె నీ నెత్తిన బోర్లించేది. తర్వాత నన్ను తిట్టేది, వాడికి కన్ను పోతోందని వాడికే సూటిగా చెప్పడం చేతకాలేదా అని. నన్నూ అదే తొలుస్తోంది. మూడేళ్లు లాగకుండా ఉండాల్సింది. ఆ రోజు నువ్వొక్కడివీ కొండెక్కావని తెలిసి, తిరిగొచ్చావని మావిస్ ఫోను చేసేదాకా ఆ బన్ను జేబులోనే ఉండిపోయింది."

గోర్డీ చేతికర్ర వైపు చూశాడు. "మళ్లీ ఎక్కుతావుగా?"

"డాక్టర్లు ఎక్కొద్దన్నారు. చదునుగా ఉన్నచోట నడవచ్చట."

"ఉత్తరపు గట్టు... ఆ శనివారం రమ్మన్నావు. ఎక్కగలిగేవాడివా?"

"ఏమో. ఒక్కసారికి ఎక్కేవాణ్ణేమో." వెర్లిన్ తుంటి నిమురుకున్నాడు. "పరీక్ష పెట్టి చూడలేదుగా."

గోర్డీ కాఫీ తాగుతానని ఆగేది ఇక్కడే. జీవితమంతా ప్రతిదాన్నీ పరీక్షించిన మనిషికి తేలకుండా ఉండిపోయిన ఒకే ఒక్క సంగతి అది. దాన్ని తేల్చుకునే ఒకే ఒక్క పొద్దుటిపూట, గోర్డీ ఒంటరిగా కొండెక్కాడు.

మళ్లీ అక్టోబరు వచ్చింది. ఫైర్‌స్టేషన్ హాల్లో అవే గిన్నెలు, అవే బల్లలు. వెర్లిన్ లోపలికి రాగానే ఎవరో అలవాటు కొద్దీ, "ఈ ఏడు ఎన్ని తప్పించావు వెర్లిన్?" అన్నారు. హాలు నవ్వింది. గోర్డీ లేచి నిలబడ్డాడు. మావిస్ అతని చొక్కా పట్టుకుని లాగింది. అతను కూర్చోలేదు.

"పోయినేడు ఇక్కడే నిలబడి ఒక మాటన్నాను," అన్నాడు. "అది అబద్ధం. దాన్ని మీరంతా విన్నారు కాబట్టి ఇదీ వినండి. ఆ తొమ్మిది దుర్భిణులకీ ఏ రోగమూ లేదు. రోగం నా కంటికి. నాకు డాక్టరంటే భయమని, ఆ సంగతి బయటపడకుండా, ఈ వెర్లిన్ మూడేళ్లు మీ అందరిచేతా పిచ్చోడనిపించుకున్నాడు. నేను వీణ్ణి నమ్మక ఒక గుర్రాన్ని చంపబోయాను. తొమ్మిదికి తొమ్మిదీ మంచివే. వాటిలో నిజంగా తప్పింది ఒక్కటీ లేదు."

పాస్టరు తల వంచుకున్నాడు. డొరీన్ కళ్లు తుడుచుకుంది. ఒకరిద్దరు చప్పట్లు కొట్టడానికి చేతులు ఎత్తారు.

"అబద్ధం," అన్నాడు వెర్లిన్.

అందరూ అతని వైపు తిరిగారు. వెర్లిన్ చేతికర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. మొహం మీద ముప్ఫై ఒక్క ఏళ్ల గిడ్డంగి కళ వచ్చింది.

"ఎనిమిదే మంచివి. ఏడోది నిజంగానే చెత్త. ఇరవై క్లిక్కులు తిప్పితే పద్దెనిమిదే కదిలింది. మూడుసార్లు చూశాను."

"పెదనాన్నా!" డొరీన్ కేకేసింది. "ఆ ఏడోది నేను అమ్మేశాను!"

"చెత్తని చెప్పాను కదే నీకు?"

"నువ్వు తొమ్మిదింటికీ అదే చెప్పావు!"

గిన్నె వెనకాల గరిటె పట్టుకుని నిలబడ్డ ఫైర్ చీఫ్ లోరెన్ ఎర్రగా కందిపోయాడు. "అందుకా నా గురి తప్పుతోంది? రెండు సీజన్లు! రెండు సీజన్లుగా మా ఆవిడ నాకు చేతులు వణుకుతున్నాయని ఏవేవో మాత్రలు మింగిస్తోందయ్యా!"

హాలు పైకప్పు లేచిపోయేలా నవ్వింది. ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది వెర్లినే. నవ్వి నవ్వి తుంటి పట్టుకుని కూర్చున్నాడు.

"రేపు పొద్దున్న ఎనిమిదింటికి పట్టుకురా లోరెన్. మర విప్పి చూద్దాం."

"రేపు సీజను మొదలు కదా వెర్లిన్. ఎనిమిదింటికి ఊళ్లో ఎవడుంటాడు?"

ఆ మాటకి వెర్లిన్ నవ్వు కొంచెం తగ్గింది. అవును కదా అన్నట్టు తలూపి, బన్ను తుంచుకోబోయాడు.

"దుర్భిణి నాకిచ్చేయి లోరెన్," అన్నాడు గోర్డీ. "నేను తీసుకెళ్తాను."

వెర్లిన్ తలెత్తాడు. "నువ్వు కొండెక్కట్లేదా?"

"మధ్యాహ్నం చూద్దాంలే."

వెర్లిన్ అతని రెండు కళ్లనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తన బన్నులో సగం తుంచి గోర్డీ పళ్లెంలో పెట్టాడు.

"ఎనిమిదంటే ఎనిమిదేరా," అన్నాడు. "నీ గడియారం రెండు నిమిషాలు వెనక నడుస్తుంది."